రాక్షసుడు పారిపోయాడు
(ఒక వీడియో ఆట నేర్పిన పాఠం)

మన పల్లెల్లో పులి-మేక ఆట ఎరుగనివారు తక్కువ. రాతిబండ మీద గీతలు, ఒకవైపు మూడు పులులు, మరొకవైపు పదిహేను మేకలు. బలాలు సమానం కావు, ఎత్తులూ ఒకటి కావు. పులి దూకి మేకను చంపాలి. మేకలు ఒక్కటై పులిని కదలకుండా కట్టిపడేయాలి. ఐనా ఆట రక్తి కడుతుంది. ఎందుకు? ఎవరికి వారు తమ లాభం చూసుకొని ఎత్తు వేస్తేనే ఆటలో పట్టు పెరుగుతుంది గనుక. ఈ చిన్న సూత్రాన్ని మనసులో ఉంచుకోండి, దీనితో పని వున్నది.

ఒక్కడు ఒకవైపు, నలుగురు మరొకవైపు ఉండే ఇటువంటి అసమాన పోరాటాన్నే తెరకెక్కించి, విడుదలకు ముందు శభాష్ అనిపించుకొని, పిమ్మట చతికిలబడిన ఒక అమెరికా ఆట కథ ఇది. దాని పేరు "ఇవాల్వ్". "సావనీరులో వీడియో ఆటల గొడవ ఏమిటి?" అని పెద్దలు నొసలు చిట్లించవచ్చును. కాని మంచి ఆలోచన ఆచరణలో ఎందుకు చెడుతుందన్న ప్రశ్న ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థికీ సంబంధించినదే.

ఆలోచన గొప్పదే

దీన్ని తయారుచేసిన టర్టిల్ రాక్ స్టూడియో అనామకమైనది కాదు. నలుగురు ఆటగాళ్ళు ఒకరినొకరు కాపాడుకుంటూ ముందుకు సాగే "లెఫ్ట్ 4 డెడ్" (2008) ఈ బృందం ఊహలో పుట్టిందే. కొత్త ఆటను ప్రచురించవలసిన టీహెచ్‌క్యూ సంస్థ దివాలా తీయగా, 2013 జనవరి వేలంలో టేక్-టూ సంస్థ ఆ హక్కులను సుమారు 1 కోటి 9 లక్షల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడు, 2014లో, ఈ3 ప్రదర్శనకు సంబంధించి విమర్శకులు ఇచ్చే బహుమతులలో "బెస్ట్ ఆఫ్ షో" దీనికే దక్కింది.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. షియర్ అనే గ్రహం. అక్కడ ఒక ఆటగాడు రాక్షసుడు, నలుగురు వేటగాళ్ళు. వేటగాళ్ళలో ఒకడు దాడి చేసేవాడు, ఒకడు వల పన్నేవాడు, ఒకడు వైద్యుడు, ఒకడు సహాయకుడు. రాక్షసుడు మొదట్లో బలహీనుడే. అడవి జంతువులను తిని, రెండవ దశకు, ఆపై మూడవ దశకు ఎదుగుతాడు. మూడవ దశలో వేటగాళ్ళకు చుక్కలు చూపిస్తాడు. కనుక వాడు ఎదగకముందే వెతికి పట్టుకోవాలి. నేలమీద అడుగుజాడలుంటాయి, బెదిరి లేచిన పక్షులు వాడి జాడ చెబుతాయి. దొరికాక వల పన్నేవాడు గోపురంలాంటి శక్తివలయాన్ని దింపి కొంతసేపు వాణ్ణి అందులో బంధిస్తాడు. అప్పుడు మొదలవుతుంది పోరు.

వింటుంటేనే ఆడాలనిపిస్తుంది కదా! మాకూ అలాగే అనిపించింది.

చిక్కు ఎక్కడ వచ్చింది?

2015 ఫిబ్రవరి 10న ఆట విడుదలయింది. విమర్శకులు మరీ తీసిపారేయలేదు, నూటికి డెబ్బై అయిదుకు అటూ ఇటూ మార్కులు వేశారు. కాని ఆటగాళ్ళు త్వరలోనే జారిపోసాగారు. నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది నియమాలలోనే వున్నది. తెలివైన రాక్షసుడు ఏం చేయాలి? కొట్లాడకూడదు, పారిపోవాలి! మూడవ దశ దాకా తింటూ, దాక్కుంటూ తిరగడమే వాడికి లాభం. అంటే ఒకడు ఎంత బాగా ఆడితే మిగతా నలుగురికి అంత విసుగు. పోరు చూద్దామని వచ్చినవారికి చాలాసేపు పరుగుపందెమే మిగిలేది. పులి-మేకలో సరైన ఎత్తు ఆటను బిగిస్తుంది, ఇక్కడ సరైన ఎత్తు ఆటను సాగదీసింది.

రెండవది, నలుగురి భారం ఒక్కడిమీద పడడం. వలయం వేసేవాడు గురి తప్పితే మిగతా ముగ్గురూ దండగే. ప్రదర్శనశాలలో పక్కన నిలబడి మెళకువలు చెప్పేవారుంటారు. ఇంటిదగ్గర ముక్కూమొహం తెలియనివారితో ఆడాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఆ ఏడు హాస్టల్లో మా రూమ్మేటు ఒకడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఈ ఆట కొన్నాడు. కొన్నది వాడు, వెనక కూర్చుని సలహాలిచ్చేది మేము. వాడికి వల పన్నే వేషమంటే ఇష్టం. ఒకరోజు వలయం ఒక్క క్షణం ముందు వేశాడు, రాక్షసుడు బయటే ఉండిపోయాడు. ఎక్కడివాళ్ళో తెలియని ముగ్గురు హెడ్‌ఫోనులో వాణ్ణి నానా మాటలూ అన్నారు. మేమూ తక్కువ తినలేదు, "ఒరేయ్, నీవల్లే పోయిందిరా" అని పకపకా నవ్వాము. వాడు ఏమీ అనకుండా కంప్యూటరు ఆపి పడుకున్నాడు. మళ్ళీ ఆ ఆట తెరవలేదు. వాడి తప్పు ఒక్క క్షణానిది, మా తప్పు అంతకంటే పెద్దదని ఇప్పుడు తెలుస్తున్నది. మనుషులు అలా నోరు పారేసుకోవడానికి వీలిచ్చిన అమరికలోనూ లోపమున్నదనక తప్పదు.

మూడవది డబ్బు. 60 డాలర్లు పెట్టి కొన్న ఆటలో తొలిరోజునుంచే రంగులు, హంగులు విడివిడిగా అమ్మకానికి పెట్టారు. ముందుగా కొనుక్కోనివారికి నాలుగవ రాక్షసుడు "బెహిమత్" వెల మరో 15 డాలర్లు. తద్దినంలా ఈ లెక్కలు చూసి, ఆడకముందే చాలామంది మనసు విరిగింది. జట్టు ఆటకు జనమే ప్రాణం. జనం తగ్గేకొద్దీ వేచి ఉండే సమయం పెరుగుతుంది, అది చూసి మరికొందరు పోతారు.

చేతులు కాలాక

తయారీదారులు లోపాలు గుర్తించలేదనడం అన్యాయం. 2016 జూలైలో "స్టేజ్ 2" పేరుతో కంప్యూటర్లలో ఆటను ఉచితం చేశారు. వలయం దింపే శక్తిని నలుగురు వేటగాళ్ళకూ ఇచ్చారు. అంటే మా రూమ్మేటును ఏడిపించిన నియమాన్నే మార్చారన్నమాట! జనం మళ్ళీ వచ్చారు. కాని అప్పటికే ఆలస్యమయింది. అదే అక్టోబరులో కొత్త చేర్పులు ఆగిపోయాయి. 2018 సెప్టెంబరులో ప్రత్యేక సర్వర్లు మూతపడ్డాయి.

మనకు పాఠం

ఆలోచన ఎంత గొప్పదో చెప్పడం తేలిక. "దీన్ని వాడేవాడు తన లాభం చూసుకుంటే ఏం చేస్తాడు? అప్పుడు పక్కవాడికి ఏమవుతుంది?" అని ముందే అడగడం కష్టం. యంత్రమైనా, పథకమైనా, మన విద్యార్థి సంఘం నియమావళియైనా ఈ రెండు ప్రశ్నలకు నిలబడాలి. మనం పక్కన నిలబడి వివరించనవసరం లేకుండా కొత్తవారి చేతికిచ్చి చూడాలి.

ఇంకొక మాట. జట్టులో ఒకడు తడబడినప్పుడు నవ్వేముందు, వాడి భుజాలమీద ఎంత బరువు పెట్టామో ఒకసారి చూసుకోవాలి. ఆ రాత్రి నేనది చూడలేదు. ఈ సంచిక మా రూమ్మేటు కంటబడితే, ఆ నవ్వుకు నా క్షమాపణ ఇదేననుకోవాలి.