ఎండకు నీడ, పిడుగుకు గోడ

తెలుగునాట అనేక పాఠశాలల ఆవరణములో ఒక వేపచెట్టో, రావిచెట్టో ఉండును. మిట్టమధ్యాహ్నమున దాని నీడయే బాలబాలికలకు తల్లియొడి. ఆ సాయంకాలమే మబ్బు క్రమ్మి ఉఱిమినచో, ఆ చెట్టు క్రిందనే ప్రాణాపాయము పొంచియుండును. పగలు కాపాడిన చోటు ప్రొద్దు వాలునప్పటికి ప్రమాదస్థలమెట్లగును?

వేసవిలో ఈ రెండాపదలకును మూలము వేడియే. ఎండకు నేల కాగును. నేలనంటిన గాలి వేడెక్కి పైకి లేచును. అందు తేమ మిక్కుటముగానున్నచో, అది ఎత్తున చల్లబడి గోపురమువంటి మేఘమగును. మేఘములోని మంచుపలుకులు ఒరసికొని విద్యుదావేశము పేరుకొనును. అదియే పిడుగై నేలకు దూకును. ఉక్కపోసిన దినమున సాయంకాలము గాలివాన వచ్చుట అందుచేతనే.

మానవశరీరపు సహజోష్ణము సుమారు 37 డిగ్రీలు. చెమట ఆఱుటవలన శరీరము చల్లబడుచుండును. నీరు చాలక ఎండలో పరుగులెత్తినచో ఈ ఏర్పాటు చెడి వడదెబ్బ తగులును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. కావున దప్పిక కాకమునుపే నీరు త్రాగవలెను. ఆటలు చల్లనివేళకు మార్చుకొనవలెను. తలతిరుగుట, వాంతి, తలనొప్పి కలిగినచో దాచక ఉపాధ్యాయునకు చెప్పవలెను. మాట తడబడి స్పృహ తప్పుచున్నవానిని నీడకు చేర్చి, ఒడలు నీటితో తడిపి విసరుచు, వెంటనే 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

ఇక పిడుగు సంగతి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు లెక్క తేలినది. పిడుగు తరచుగా ఎత్తయినవానిపై పడును. చెట్టుపై పడిన విద్యుత్తు ప్రక్కనున్న మనిషిపైకి దూకగలదు. నేలలో ప్రాకి పాదములగుండ ఒడలిలోనికి ఎక్కగలదు. కనుక ఎండకు చెట్టునీడ చాలును గాని, పిడుగునకు గోడలును గట్టి కప్పును గల గది కావలెను. తెఱచియున్న వరండా చాలదు. లోపలనున్నను కిటికీలకును, నీటి కుళాయిలకును, విద్యుత్తు తీగలకును దూరముగా ఉండవలెను.

మెఱుపు కనబడిన పిదప ఉఱుము వినబడుటకు పట్టు ప్రతి మూడు సెకన్లకు మేఘము సుమారు ఒక కిలోమీటరు దూరముననున్నట్లు. అయినను ఆ లెక్క కట్టుచు మైదానమున నిలువరాదు. పది కిలోమీటర్ల అవతలి మేఘమునుండియు పిడుగు పడగలదు. ఉఱుము చెవిని పడినదన్న పిడుగు అందుకొను దూరముననే ఉన్నదని అర్థము. కడపటి ఉఱుము వినబడిన పిదప 30 నిమిషములు గడచువఱకు బయటికి రారాదు. పిడుగు తగిలినవానిని తాకినచో విద్యుత్తు కొట్టునను భయము వట్టిది. వానికి తక్షణమే సాయపడవలెను.

ఈ నియమములు తెలియనివారు తక్కువ. తెలిసియు జాగుచేయువారే ఎక్కువ. ఒక్క ఓవరు మిగిలినదని ఒకడు, స్నేహితులు నవ్వుదురని ఒకడు ఆగును. మొదటి ఉఱుమునకే బ్యాటు క్రింద పెట్టి తోటివారిని లోనికి పిలుచు బాలుడు పిఱికివాడు కాడు. మిగిలిన ఓవరు మఱునాడు వేయుటకు అందఱును ఉండవలెననియే అతని కోరిక.