నరసింహకొండ నుంచి నెల్లూరు

నెల్లూరు అనగానే వరిచేలు, చెరువులు, మైపాడు తీరం గుర్తుకొస్తాయి గాని కొండ ఎవరికీ గుర్తుకు రాదు. అయినా ఊరికి పడమరగా, సుమారు పదిహేను కిలోమీటర్ల దూరాన, పెన్న దక్షిణపు గట్టున వేదగిరి అనే నరసింహకొండ ఉన్నది. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడి మనది కూడా విశ్వవిద్యాలయ నగరమయింది గదా! కాకుటూరు దాకా రోజూ పోయే మనలో ఈ కొండ ఎక్కినవారెందరు?

మేము నలుగురం పోయిన ఆదివారం వెళ్ళాము. పైన లక్ష్మీనరసింహస్వామి ఆలయం. సప్తర్షులు యజ్ఞం చేసిన గుండాలే ఇక్కడి ఏడు కోనేర్లయినాయని స్థలపురాణం. దర్శనం చేసుకొని ఉత్తరంగా నిలబడ్డాము. కింద పెన్న, ఆవలి గట్టున కామాక్షమ్మ వెలసిన జొన్నవాడ.

అసలు చూడవలసింది అప్పుడు కనబడుతుంది. కొండ కింది నుంచి తూర్పుగా సముద్రం దాకా ఇక ఎత్తన్నదే లేదు! కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడచి వచ్చిన నది, ఈ చదును నేల మీద బాగా వెడల్పవుతుంది. ఆనకట్ట నుంచి నెల్లూరు చెరువుకూ, సర్వేపల్లి, జాఫర్ సాహెబ్ కాలువలకూ నీరు పారేది ఈ కొద్దిపాటి వాలు వల్లనే. 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి 2022లో ప్రారంభమయింది. కాలువ గట్లు మాత్రం ఇళ్ళతో ఇరుకైపోయినవి.

2021 నవంబరులో ఏమయిందో మరచిపోలేదు గదా. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఏటి ఒడ్డున భగత్‌సింగ్ కాలనీ మునిగింది. మా మిత్రుడొకడి ఇంట్లోనూ నీళ్ళొచ్చి, వాడి పదో తరగతి సర్టిఫికెట్లు మిద్దె మీద ఆరబెట్టుకున్నాడు. కొండ మీద వాడే అన్నాడు:

"ఏందబ్బా, ఇంత పల్లంలోనా మేముండేది! ఇల్లు కొనేముందు మా నాయన్ని ఒక్కసారి ఈడికి తీసుకొచ్చుంటే బాగుండు."

స్థలం చౌకగా వస్తే ఎత్తుపల్లాలు ఎవరు చూస్తారు? ఆయన్ని తప్పుపట్టలేము. ఆ డబ్బుకు ఊళ్ళో మెరకన ఇల్లు దొరకదు.

వెళ్ళదలచినవారు పొద్దున్నే బయలుదేరండి. నెల్లూరు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మంచినీళ్ళు, వీలయితే జిల్లా మ్యాపు వెంట ఉంచుకోండి. మేము మ్యాపు లేకుండా పోయి, మా మిత్రుడి వీధి ఏ దిక్కో తేల్చుకోవడానికి అరగంట వాదులాడుకున్నాము.