మారు గడులు, మారని పత్రము

దిల్‌సుఖ్‌నగర్ మొదలు చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగు రహదారికి ఇరువైపులా శిక్షణాలయములతోపాటు డి.టి.పి., జిరాక్సు దుకాణములు విస్తారముగా ఉన్నవి. ప్రవేశముల రోజులలో అచట జరుగు పని యొకటి గమనింపదగినది. నిన్న ఒకరికి టైపు చేసిన దరఖాస్తును తెరచి, ఆ పేరు చెరిపి, నేడు వచ్చినవారి పేరు వ్రాయుదురు. తొందరలో తండ్రి పేరు మాత్రము పాతదే నిలిచిపోవును. అట్టి పత్రము తిరస్కరింపబడినచో ఆ విద్యార్థికి ఆ యేటి ఉపకారవేతనమే చేజారవచ్చును.

దీనికి విరుగుడు వర్డు, లిబ్రే ఆఫీసు వంటి ప్రోగ్రాములలోని ‘ఫీల్డు’. తెలుగున దీనిని మారు గడి యనవచ్చును. స్థిరమైన వాక్యములను ఒకసారి వ్రాసి, పేరు, తండ్రి పేరు, తరగతి రావలసిన చోట్ల గడుల నుంచవలెను. వివరములు ఎక్సెల్ పట్టికలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుసగా ఉండును. ‘మెయిల్ మెర్జ్’ అను ప్రక్రియ ఆ వరుసలను తీసికొని గడులను నింపి, అరువదిమందికి అరువది పత్రములు సిద్ధము చేయును.

మొహమ్మద్ అను పేరు మన విద్యార్థుల మెమోలలో ఒకచోట పూర్తిగాను, మరొకచోట ‘ఎం.డి.’ అనియు కనబడుట మనకు క్రొత్త కాదు. పదవ తరగతి మెమోతో సరిచూచి పట్టికలో వ్రాసినచో అన్ని పత్రములందు ఒకే రూపము వచ్చును. పట్టికలో తప్పు పడినచో అదియు అన్నిట వచ్చును! చిరునామాకును ఇదే న్యాయము. ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ 2007 ఏప్రిల్‌లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడినది. చిరునామాను ప్రతి నమూనాలోను చేతితో వ్రాసికొన్నవారు ఎన్నిచోట్ల దిద్దవలసి వచ్చునో ఊహింపుడు.

తేదీ గడి విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. వర్డులోని ‘డేట్’ గడి పత్రము పుట్టిన దినమును చూపదు, తెరచిన దినమును చూపును. జూన్‌లో ఇచ్చిన బోనఫైడ్ పత్రమును సెప్టెంబరులో తెరచి మరల అచ్చు తీసినచో సెప్టెంబరు తేదీయే పడును. కావున జారీ తేదీని పట్టికలోనే ఒక నిలువు వరుసగా వ్రాయుట మేలు. లేదా పత్రము సిద్ధమైన వెంటనే ఆ గడిపై కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ 9 మీటలు కలిపి నొక్కినచో అది సాధారణ అక్షరములుగా స్థిరపడును.

ఆంగ్ల పాఠ్యపుస్తకములు చెప్పని చిక్కు మన భాషలలో కలదు. నమూనాలో పేరు గడి ప్రక్కన ‘కు’ అని వ్రాసినచో ‘సీతకు’ సరిపోవును, కాని ‘లక్ష్మికు’ అని తప్పు వచ్చును. ‘గారికి’ అని వ్రాసినచో విభక్తి భారము పేరుపై పడదు. ‘చదువుచున్నాడు’, ‘చదువుచున్నది’ అను భేదము ‘చదువుచున్నారు’ అనుటతో తీరును. ఉర్దూలో గౌరవ బహువచనమునను ‘పఢ్‌తే హైఁ’, ‘పఢ్‌తీ హైఁ’ అను భేదము మిగులును. అచట ‘జేరె తాలీమ్ హైఁ’ అనినచో ఇరువురకును చెల్లును. కుమారుడు, కుమార్తె అను మాటలకు మాత్రము తప్పించుకొను దారి లేదు. పట్టికలో లింగమును సూచించు నిలువు వరుస చేర్చి, ‘ఇఫ్’ అను షరతు గడిని వాడవలెను.

సెమినారు ప్రదర్శనలకు పవర్ పాయింట్‌లో మెయిల్ మెర్జ్ లేదు. కళాశాల పేరు, చిహ్నము స్లైడ్ మాస్టరుపై ఒకసారి ఉంచినచో ప్రతి స్లైడునను కనబడును. స్లైడు సంఖ్య గడి తనంతట మారును. అచటను తేదీని ‘ఫిక్స్‌డ్’ అని ఎంచుకొనవలెను.

అన్ని పత్రములును అచ్చు తీయుటకు ముందు మూడింటిని పరీక్షింపుడు: అత్యంత దీర్ఘమైన పేరు గలది, ఒక విద్యార్థినిది, పట్టికలో ఏదేని వివరము ఖాళీగా ఉన్నది. దోషములు సాధారణముగా ఈ మూడింటనే బయటపడును.