అంగారకుని చిన్న చంద్రులు

గడచిన నెల యౌవనస్థుల కూటమి ముగిసిన పిమ్మట ఒక చిన్నవాడు మా యొద్దకు వచ్చి రెండు ప్రశ్నలడిగెను. "అయ్యగారూ, అంగారకుని చంద్రుడు పడిపోవుచున్నాడట, మన చంద్రుడును పడునా? మన భూమి చెడినయెడల మనుష్యులు అంగారకునిమీద కాపురముండవచ్చునా?" వాని ముఖమున భయము కనబడెను గనుక మేము నవ్వలేదు.

అంగారకునికి రెండు చిన్న చంద్రులు కలవు. 1877 ఆగస్టులో వాషింగ్టను నగరమందలి నౌకాదళ నక్షత్రశాలలో ఆసఫ్ హాల్ అనునతడు వాటిని కనుగొనెను. వెదకి వెదకి మానుకొనబోయిన అతనిని భార్య ఏంజలిన్ ధైర్యపరచి మరల దూరదర్శిని యొద్దకు పంపెను. ఫోబోస్‌మీది పెద్ద గుంటకు ఆమె పుట్టినింటి పేరు, స్టిక్నీ అని పెట్టిరి. అది న్యాయమే.

డీమోస్ దూరముననున్నది, మెల్లగా ఇంకను దూరమగుచున్నది. ఫోబోస్ సంగతి వేరు. అడ్డముగా సుమారు 22 కిలోమీటర్లుండు ఈ రాతిముద్ద, నేలకు సుమారు 6,000 కిలోమీటర్ల ఎత్తున 7 గంటల 39 నిమిషములకొకసారి అంగారకుని చుట్టివచ్చును. అంగారకుడు తన చుట్టు తాను తిరుగుటకు 24 గంటలకు మించి పట్టును. ఫోబోస్ ఆకర్షణచేత అంగారకుని నేల కొంచెము ఉబ్బును. ఆ ఉబ్బు వెనుకబడి, పరుగెత్తు ఎద్దును పలుపు పట్టి లాగినట్లు ఫోబోస్‌ను వెనుకకు లాగును. అందువలన అది నూరేండ్లకు 1.8 మీటర్ల చొప్పున దిగుచున్నది. 3 మొదలు 5 కోట్ల సంవత్సరములలో నేలను గుద్దుకొనును, లేదా ముక్కలై శనిగ్రహమునకున్నట్టి వలయమగును. మన చంద్రుడైతే భూభ్రమణముకంటె మెల్లగా తిరుగును. కాబట్టి ఇక్కడ ఉబ్బు ముందుండి అతనిని ముందుకు లాగును. అతడు ఏటేట 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడు. పడడు.

రెండవ ప్రశ్న కష్టమైనది. ధ్రువములమీది మంచుపై నల్లని ధూళి చల్లినయెడల ఎండవేడిమికి అది ఆవిరియై అంగారకుని గాలి దట్టమగునని 1973లో కార్ల్ సేగన్ తలంచెను. ఫోబోస్ మిక్కిలి నల్లనిది గనుక ఆ ధూళిని అచ్చటనుండియే తేవచ్చునని కొందరి ఆశ. అయితే 2018లో బ్రూస్ జకోస్కీ, క్రిస్టఫర్ ఎడ్వర్డ్స్ అనువారు లెక్కవేసి చూచిరి. ధ్రువములందలి బొగ్గుపులుసు వాయువు నంతటిని విడిపించినను, అక్కడి గాలి యొత్తిడి మన గాలి యొత్తిడిలో 1.2 శాతమే యగునట! పూర్వముండిన గాలిలో అధికభాగము సూర్యునినుండి వీచు కణముల తాకిడికి ఎన్నడో అంతరిక్షములోనికి పోయినది. పోయినదానిని మరల కూర్చు ఉపాయము నేటి మనుష్యుల చేతిలో లేదు.

ఇది చెప్పగా చిన్నవాడు కొంతసేపు ఊరకుండి, "అయితే మా దొడ్డి బావిలో నీరు ఏటేట లోతునకు పోవుచున్నదే, దాని సంగతి యేమి అయ్యగారూ?" అనెను. వచ్చు నెల పాఠము దానినిగూర్చియే.