పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు

విజయనగరం,
శ్రావణ శుక్రవారం

సౌమ్యా,

నీ మెయిల్ మీ పెదనాన్న పైకి చదివి వినిపించారు. బ్యాంకాక్ ఆసోక్ దగ్గర కొత్త గది, ఆఫీసులో నీకు అప్పజెప్పిన పని, మీ సోయి, అంటే సందు, మొదట్లో పొద్దున్నే వేడివేడిగా దొరికే కొబ్బరిపాల ఖనోమ్ క్రోక్, అచ్చం మన గుంటపొంగనాలే అంటూ నువ్వు రాసిన తీరు, అన్నీ వింటూ మురిసిపోయాను. ఆ తర్వాత పట్టాయా సంగతి వచ్చింది. బండి అద్దెకు తీసుకున్నామనీ, పాస్‌పోర్టు షాపులో పెడితే సాయంత్రం తిరిగి ఇచ్చేశాడనీ ఒక్క ముక్క రాసి నువ్వు సముద్రం కబుర్లలోకి వెళ్లిపోయావు. మీ పెదనాన్న మాత్రం అక్కడే ఆగి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. ఓపిగ్గా చదువు తల్లీ.

ఆ పుస్తకం లోపల ఏం అచ్చు వేశారో ఎప్పుడైనా చూశావా? అది భారత ప్రభుత్వ ఆస్తి. నీ పేరు మీద ఉంది, నీ ఫొటో ఉంది, కానీ తాకట్టు పెట్టుకునే వస్తువు కాదు. సాయంత్రం ఇచ్చేశాడంటే ఆ రోజు నీ అదృష్టం బాగుంది. ఇంకో రోజు ఇంకో షాపువాడు బండి మీద ఎప్పటిదో గీత చూపించి, ఇది నువ్వే చేశావు, ఇన్ని వేల భాట్‌లు కట్టమంటాడు. పుస్తకం వాడి సొరుగులో ఉన్నాక నీ మాట ఎంతవరకు చెల్లుతుంది? డిపాజిట్టుగా డబ్బిస్తానను, జిరాక్సు కాపీ ఇస్తానను. ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు. పట్టాయా బీచ్ రోడ్డు మీద సోంగ్‌తేవ్‌లు తిరుగుతూనే ఉంటాయి, షేర్ ఆటోల్లాగా ఎక్కి దిగొచ్చు. అసలు బండి తోలాలంటే ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి, అందులో టూవీలర్ కూడా ఉండాలి. అది లేకుండా పడితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులుపుకుంటారు. హెల్మెట్ గురించి నీకు వేరే చెప్పాలా?

మేం బ్యాంకాక్‌లో కాపురం పెట్టేనాటికి స్కైట్రెయిన్ లేదు. అది 1999 డిసెంబరులో మొదలైంది. సుఖుంవిత్ రోడ్డు మీద బస్సెక్కితే ఎప్పటికి దిగుతామో దేవుడికే తెలియాలి. అందుకని ప్రతూనామ్ బజారుకు వెళ్లాలంటే సేన్‌సేప్ కాలువలో పడవే. నల్లటి నీళ్లు, డీజిల్ పొగ, పడవ ఆగీ ఆగకముందే గట్టు మీదికి అడుగేసే జనం. ఎదురుగా ఇంకో పడవ వస్తే నీళ్లు ఎగిరి పడతాయి. అంచున కూర్చున్నవాళ్లు తాడు పట్టుకుని లాగితే పొడుగాటి ప్లాస్టిక్ పట్టా పైకి లేచి అందరినీ కాపాడుతుంది. నేను చాలాసార్లు ఆ అంచునే కూర్చునేదాన్ని. మీ పెదనాన్న పాస్‌పోర్టులు రెండూ పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకునేవారు. ఆయన భయం చూసి తోటి ఉద్యోగులు నవ్వేవారు. 1997లో ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడు జులై 2న థాయ్ ప్రభుత్వం భాట్‌ను మార్కెట్టుకు వదిలేసింది. డాలరుకు పాతిక భాట్‌లు ఉండే రేటు ఆర్నెల్లు తిరిగేసరికి యాభై దాటింది. జీతం అంకె అదే, ఇంటికి పంపే సొమ్ము సగమైపోయింది. ఫైనాన్సు కంపెనీలు వరసగా మూతపడ్డాయి, సగం లేచిన మేడలు ఇనుప చువ్వలతో అలాగే నిలబడిపోయాయి. మా కింది అంతస్తులో గుంటూరు కుర్రాడొకడు ఉండేవాడు, బంగారంలాంటి పిల్లవాడు. వాళ్ల కంపెనీ అందరి పాస్‌పోర్టులూ భద్రంగా ఉంచుతామని తీసుకుని లాకర్లో పెట్టుకుంది. ఒక సోమవారం వెళ్లేసరికి ఆఫీసుకు తాళం, యజమాని జాడ లేదు. అదే వారంలో ఊళ్లో వాడి తండ్రి పోయాడు. చేతిలో పుస్తకం లేక, కదలడానికి దారి లేక ఆ పిల్లవాడు మా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చాడు. నేను అన్నం కలిపి ముద్దలు పెట్టాను. ఎంబసీ వాళ్లు ఇచ్చిన కాగితం మీద వాడు ఇల్లు చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఉద్యోగం ఇచ్చినవాడైనా సరే, పాస్‌పోర్టు తన దగ్గర అట్టేపెట్టుకుంటానంటే వాడి దగ్గర పని చెయ్యొద్దు.

యుద్ధంలో రంగూన్ నుంచి 1942లో నడిచొచ్చిన మీ ముత్తాత సంగతి నీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. ఆ తర్వాత ఆయన ఏ కాగితాన్నీ పారెయ్యలేదు, అది మాత్రం గుర్తుంచుకో.

తింటున్నావా అసలు? మీ అమ్మ అడిగితే తిన్నానంటావు, నాకు నిజం చెప్పు. పప్పులకీ పోపు సామానుకీ మనవాళ్ల బజారు పాహురాత్ వెళ్లు. అక్కడి గురుద్వారాలో లంగరు భోజనం కూడా ఉంటుంది, ఒంటరిగా అనిపించిన రోజున పోయి ఆ పంక్తిలో కూర్చో. బొప్పాయి సోమ్‌తమ్ కొట్టే ఆవిడ రోట్లో మిరపకాయలు వేసేటప్పుడే ఎన్ని కావాలో చెప్పాలి, కారం తింటే నీ కడుపు ఎలా మండుతుందో నాకు తెలుసు. అన్నట్టు, బర్మా వాళ్లు గోంగూర వండుకుంటారు. వాళ్ల కొట్లు కనిపిస్తే అడుగు, నాలుగు కట్టలు తెచ్చుకుని పచ్చడి చేసుకో. సీలోం మారియమ్మ గుడిలో దసరా ఉత్సవం తప్పకుండా చూడు. మల్లెపూలు, బంతిపూలు, కొబ్బరికాయలు పట్టుకుని థాయ్ వాళ్లు మనకంటే భక్తిగా వరసలో నిలబడతారు. వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్టు గదిలో తాళం వేసిన పెట్టెలో ఉంచి, ఫొటో పేజీ, వీసా పేజీ, ఎంట్రీ ముద్ర ఉన్న పేజీ కాపీలు బ్యాగులో పెట్టుకో. వాటి ఫొటోలు ఫోన్లోనూ ఉండాలి, నాకూ ఒకటి పంపాలి. బ్యాంకులోనో హోటల్లోనో అసలుది అడిగితే వాళ్ల ముందే నిలబడి, చూసిన వెంటనే తీసుకో.

గడువుల సంగతి. తొంభై రోజులకోసారి ఇమ్మిగ్రేషన్‌కు చిరునామా రిపోర్టు ఇవ్వాలి. గడువుకు పదిహేను రోజుల ముందు నుంచి, దాటాక ఏడు రోజుల దాకా ఇవ్వొచ్చు. తర్వాత వెళ్తే రెండు వేల భాట్‌ల జరిమానా. వీసా గడువు దాటి ఉంటే రోజుకు 500, అలా 20,000 దాకా. నువ్వు దిగిన 24 గంటల్లో గది అద్దెకిచ్చినవాళ్లు నీ వివరాలు ఇమ్మిగ్రేషన్‌కు తెలియజెయ్యాలి. వాళ్లు ఆ పని చేశారో లేదో అడిగి రసీదు తీసుకో. సంక్రాంతికి వస్తానన్నావు, నా తల్లివి, రా. విమానం ఎక్కే ముందు రీఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఉన్న వీసా అక్కడితో సరి. పండగ అరిసెలు తిన్నాక మళ్లీ మొదటి నుంచి ఎక్కడ తిరుగుతావు?

ఇప్పుడు అసలు మాట. నీ గదిలో ఉండే పిల్లకి మేసోత్ దగ్గర ఏదో డేటా ఎంట్రీ ఉద్యోగం వచ్చిందని, జీతం రెట్టింపని, కారు పంపిస్తామన్నారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. నా గుండె జారిపోయింది. మేసోత్‌లో మోయ్ నది చాలా చిన్నది. ఆ గట్టునే మియావడ్డీ, బర్మా భూమి. నది దాటించాక పాస్‌పోర్టు లాక్కుంటారు, గేటు వేస్తారు, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారు. 2025 మార్చిలో ఆ నరకం నుంచి బయటపడ్డ 549 మందిని మన ప్రభుత్వం మేసోత్ నుంచి వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చింది. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. అంతకుముందు ఏడాది కంబోడియాలో చిక్కుకుని వచ్చిన వాళ్లలో మన విశాఖ పిల్లలు ఎంతమందో! వాళ్ల ఇంటి ఆడవాళ్లు పోలీస్ స్టేషన్ల మెట్లెక్కడం మేం పేపర్లో చూస్తూ కూర్చున్నాం. ఆ పిల్లలేమీ చదువురానివాళ్లు కారమ్మా. డేటా ఎంట్రీ అన్నారు, నమ్మారు.

ఎవరైనా నీ పేరు మీద బ్యాంకు ఖాతా గానీ సిమ్ కార్డు గానీ తీసిమ్మని అడిగితే, ఎంత దగ్గరివాళ్లైనా ఇవ్వకు. ఖాతా అప్పు ఇచ్చినందుకే అక్కడ మూడేళ్ల దాకా జైలు.

ఆ పిల్లకి కంపెనీ పేరు, వర్క్ పర్మిట్ ఎవరు తీస్తారు, ఆఫీసు ఏ ఊళ్లో ఉంది, ఈ మూడూ రాతపూర్వకంగా తెప్పించుకోమను. తేలేదాకా కారెక్కనివ్వకు. సుఖుంవిత్ సోయి 23లో మన ఎంబసీ ఉంది, నీ గదికి దగ్గరే. ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి. దారిలో ఏదైనా తేడా వస్తే టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. వాళ్ల అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను, నంబరు పంపు. ఈ ఉత్తరం ఫొటో తీసి మెయిల్ చెయ్యమని మీ పెదనాన్నకు ఇస్తున్నాను, రేపటికి నీకు చేరుతుంది. చదవగానే ముందు ఆ పిల్లని ఆపు.

నీ పెద్దమ్మ