రాజీనామా మీద సంతకం పెట్టకు

పర్చూరు

చిరంజీవి బుజ్జికి మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఐదో నెల వచ్చిందన్న మాట చదివి మీ మామయ్యను కేకేసి, ఆయన చేత మళ్ళీ పైకి చదివించుకున్నాను. దాని కింద రాసిన సంగతే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. సెలవు అడిగితే మీ మేనేజరు "ఇప్పటికి రాజీనామా రాసిచ్చి వెళ్ళమ్మా, కాన్పయ్యాక వద్దువుగాని" అన్నాడా? ఆలోచించి చెబుతానన్నావా? ఇందులో ఆలోచించేదేమీ లేదు తల్లీ. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. వాళ్ళే తీసేస్తే తప్పు వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. నీ చేత రాయిస్తే నీ అంతట నువ్వే మానేసినట్టవుతుంది.

నీ వయసులో నేను ఇక్కడి జిన్నింగు మిల్లులో పత్తి తూకాల లెక్కలు రాసేదాన్ని. నా పక్కనే ఒక అక్క ఉండేది, కూడికల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఏడో నెలలో ఆమెకూ ఇదే మాట చెప్పి పంపారు. బిడ్డకు మూడో నెల రాగానే వస్తే ఆమె కుర్చీలో ఎవరో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మాటిచ్చిన గుమాస్తా "నేనెప్పుడన్నాను" అన్నాడు. ఆ ఏడు ఆమె మిరప కల్లాల్లో తొడిమలు తీసింది. చెట్టుకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెడితే, ఆ ఘాటుకు పసిది తుమ్మి తుమ్మి ఏడ్చేది. 1961 ప్రసూతి చట్టం అప్పటికే ఉంది. మాకు చెప్పినవాళ్ళు లేరు. కల్లాల్లో పనికెళ్ళే ఆడవాళ్ళకు ఇవాళ్టికీ కాన్పు సెలవంటే కూలి పోవడమే. అది తలుచుకుంటే నాకు మండుతుంది.

వేళకు తింటున్నావా? గోంగూర పచ్చడి పంపుతున్నాను, కారం తగ్గించే చేశాను.

మీ మేనేజరు "కొత్త కోడ్ వచ్చింది, పాత రూల్సు లేవు" అన్నాడని రాశావు. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చిన మాట నిజమే. కానీ 2017లో పెంచిన 26 వారాల జీతంతో సెలవు అందులోనూ ఉంది. 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. పదిమంది పనిచేసే షాపుకైనా ఇది వర్తిస్తుంది, మీది అంత పెద్ద షోరూము! కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. నీ జీతంలో ఈఎస్ఐ కోత ఉంటే డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, లేకపోతే యజమానే ఇవ్వాలి. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేస్తే చెల్లదు. తిరిగి చేరాక బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలి. నువ్వు కాంట్రాక్టు మనిషివని కూడా అన్నాడట. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టరు రోలు మీద పనిచేసిన దినకూలి ఆడవాళ్ళకు కూడా ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లో తీర్పిచ్చింది.

ఇక కాగితం సంగతి. నోటితో ఇంకేమీ అడగకు. ఏ తేదీ నుంచి సెలవు కావాలో రాసి, డాక్టరు సర్టిఫికెట్టు జత చేసి రెండు ప్రతులు తియ్యి. ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, షాపు ముద్ర వేయించుకో. ముద్ర లేకపోతే ఊరుకోకు. వాళ్ళు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. జీతం చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టు. మేనేజరు వాట్సాప్‌లో పెట్టినవేవీ చెరపకు. ఆ ఫైలు షాపులో వద్దు, ఇంట్లో బీరువాలో ఉంచు. బరువులు మాత్రం నువ్వు ఎత్తకు, అల్లుడి చేత దింపించు.

అప్పటికీ మొండికేస్తే గుంటూరులో కార్మిక శాఖ ఆఫీసుంది. తీసేస్తే అరవై రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, ఆ గడువు దాటనివ్వకు. నేనూ మీ మామయ్యా వచ్చి నీ వెంట ఉంటాం.

సోమవారమే ఉత్తరం ఇచ్చి, ముద్ర పడిన ప్రతిని ఫోటో తీసి నాకు పంపు.

మీ అత్త