పాఠం: స్పెల్లింగ్ ఒకటే, చుట్టరికం వేరు

పిల్లలూ, పి, ఏ, ఐ, ఎన్ – ఈ నాలుగు అక్షరాలు కలిపి చదవండి. "పెయిన్, అంటే నొప్పి" అనేస్తారు కదా! బడిలో ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళు మాత్రం "రొట్టె" అంటారు. ఇద్దరూ కరెక్టే.

ఫ్రెంచిలో దీన్ని ముక్కుతో, ఇంచుమించు 'పేఁ' అని పలుకుతారు. (ఆ సగం సున్న పేరు అరసున్న. ఇప్పుడు తెలుగులో దాదాపు రాయడం మానేశాం కానీ ఇక్కడ భలే పనికొచ్చింది.) లాటిన్‌లో రొట్టెని 'పానిస్' అనేవారు, ఈ మాట అందులోంచి వచ్చింది. ఇంగ్లీషు పెయిన్‌కి మూలం ఇంకో లాటిన్ మాట, 'పోయెనా'. అంటే శిక్ష. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి నొప్పి అయింది. కాబట్టి ఈ రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు.

మరి ఫ్రెంచి రొట్టెకి అసలు చుట్టం ఎవరు? మీరు తినే పావ్ భాజీలోని పావ్! పోర్చుగీసు వాళ్ళ రొట్టె మాట కూడా 'పానిస్' నుంచే పుట్టి, వాళ్ళతోపాటు మన దేశానికి వచ్చింది.

జి, ఐ, ఎఫ్, టి సంగతి దీనికి రివర్స్. ఇంగ్లీషులో కానుక. జర్మన్‌లో విషం! స్వీడిష్‌లో అయితే విషమూ అదే, 'పెళ్ళయింది' అనడానికీ అదే. అర్థాలు ఇంత దూరమైనా వీటి మూలం మాత్రం ఒకటే, 'ఇవ్వడం'. పిల్లనిచ్చిన మామ అని మనమూ అంటాం కదా, అలా పెళ్ళి అర్థం వచ్చింది. విషాన్ని నేరుగా పేరుపెట్టి అనకుండా 'ఇచ్చేది' అన్నారు, చివరికి జర్మన్‌లో ఆ అర్థమే నిలిచిపోయింది. జర్మనీలో ఉన్న పిల్లలు జాగ్రత్త, సీసా మీద ఈ మాట కనబడితే ముట్టుకోకండి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కె, ఏ, ఎల్, ఎల్, యు అని అమ్మమ్మకి ఫోన్‌లో మెసేజ్ పెట్టి, పక్కన 'నొప్పి' అని రాశారనుకోండి. కళ్ళు నొప్పా, కాళ్ళు నొప్పా? ఆవిడ ఏ మందు చెప్పాలి? అవే అక్షరాలు 'కల్లు' కూడా అవుతాయి, అప్పుడు ఇంకా గొడవ! తెలుగు లిపిలో రాస్తే ఈ మూడూ చూడగానే వేరుగా తెలుస్తాయి.

అభ్యాసం
1. కళ్ళు, కాళ్ళు, కల్లు – ఒక్కోదానితో ఒక వాక్యం తెలుగు లిపిలో రాయండి.
2. పాలు అంటే తాగే పాలే కాదు, ఇంకో అర్థం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి.
3. బి, యు, ఆర్, ఆర్, ఓ అంటే ఇటాలియన్‌లో వెన్న, స్పానిష్‌లో గాడిద. ఆ వెన్న మాటకి ఇంగ్లీషులో చుట్టం ఎవరు?